తాత పక్కన చోటు

ఫోన్ మోగేసరికి అంజనమ్మ శోకం మంచి ఊపు మీద ఉంది.

"నా బంగారు అత్తా, నాకు వేడన్నం పెట్టి నువ్వు సద్దన్నం తింటివి గదే..." అని ఆమె రాగం తీస్తుంటే ఎమ్మిగనూరులో ఆ వీధి ఆడవాళ్ళంతా ముక్కులు చీదుతున్నారు. వేడన్నం ఎవరు తిన్నారో, సద్దన్నం ఎవరికి పెట్టారో ఆ ఇంటి కొత్త కోడలు మంజులకు బాగా తెలుసు. కానీ ఏడుపుల మధ్య లెక్కలు సరిచేయడం బాగుండదని గోడకానుకుని ఊరుకుంది. ఫోన్ తీసింది. ఆదోని నుంచి అవ్వ శవాన్ని తెస్తున్న మొగుడు ఈరేష్.

"మంజూ, అవ్వ కండ్లు తెరిచినాది."

"ఎవరి అవ్వ బావా?"

"ఎవరి అవ్వేంది, మనవ్వే. దావలో బండి ఎగిరెగిరి పడ్తాంటే మూలిగినాది. ఇప్పుడు టీ కావాలంటాంది. తాపిచ్చల్లా, వద్దా?"

"తాపించు బావా. బిస్కెట్లు గూడా ముంచి పెట్టు" అంది మంజుల. ఆ మాట అంటుంటేనే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, పక్కనున్న ముసలామె ఒళ్ళో వాలిపోయింది. పాపం, పిల్ల తట్టుకోలేకపోతాంది అని ఆ ముసలామె వీపు నిమిరింది.

విషయం చెప్పగానే శోకం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అంజనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని కోడలి వైపు చూసింది.

"సరిగ్గా కనుక్కున్యావా? మళ్ళా పోయేదేమన్నా ఉందా?"

హులిగమ్మ మంజుల మామ అయ్యన్నకు తల్లి, అంజనమ్మకు అత్త. మంజులకు రెండు వైపులా అవ్వే: తల్లికి తల్లి, మొగుడి నాయనకు తల్లి. మంజుల చిన్నప్పుడే తల్లి పోతే, ఆదోనిలో జిన్నింగు మిల్లులో పత్తిలోని చెత్త ఏరే పని చేస్తూ హులిగమ్మే ఆ పిల్లను పెంచింది. సాయంత్రం ఇంటికొస్తే నెత్తి నిండా దూది. "నాకు వయసు గాలే, ఇది మిల్లు తెలుపు" అని దులుపుకునేది. మనవరాల్ని డిగ్రీ దాకా చదివించి, పోయిన ఎండాకాలం కొడుకు కొడుక్కే ఇచ్చి చేసింది. పెండ్లి సామాన్లతో పాటు తాను కూడా వ్యాను ఎక్కి ఎమ్మిగనూరు వచ్చేసింది.

మొన్న ఆదోని ఆస్పత్రిలో చేర్చారు. నిన్న ఆశ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రాత్రికి తెలిసినవాళ్ళ వరండాలో పడుకోబెడితే తెల్లవారుజామున ఒళ్ళు చల్లబడింది. ఈరేష్ భయపడి, ముక్కు దగ్గర వేలైనా పెట్టి చూడకుండా ఇంటికి ఫోన్ చేసేశాడు. బండి దొరికేసరికి పొద్దెక్కింది. ఈలోగా ఇక్కడ షామియానా లేచింది, అవ్వ నులకమంచం వీధి చివర పారేశారు, చీరలు పంచేశారు. గుంత తవ్వేశారు.

ఆ సంగతి ముందుగా గుర్తొచ్చింది అయ్యన్నకే. "గుంత తవ్విచ్చినాం గదప్పా" అన్నాడు, తల్లి బతికిందన్న మాట విన్నాక మొట్టమొదట.

తవ్విన గుంతను ఖాళీగా పెట్టకూడదు. అది ఇంట్లో ఒకరిని అడుగుతుందంటారు. గుంత తవ్విన ఉరుకుందు, తాగింది దిగక ముందే, నల్ల కోడిని వేసి ఉప్పు చల్లి పూడ్చేయొచ్చని చెప్పాడు.

"ఊరికే ఎందుకప్పా పూడ్సేది?" అన్నాడు అయ్యన్న. "డాక్టరే ఆశ లేదన్న్యాడు. నాలుగు దినాలు అట్లే ఉండనీ. పైన ముండ్లకంపేసి రా. మళ్ళా తవ్వాలంటే నువ్వే ముందర సీసా అడుగుతావు."

ఆ మాటలో తప్పేముందో అక్కడ ఎవరికీ తోచలేదు. ఒకరిద్దరు తలలు కూడా ఊపారు.

"యాడ తవ్వినారు?" అని అడిగింది మంజుల. "తాత పక్కనే గదా?"

ఉరుకుందు అయ్యన్న వైపు చూశాడు. "ఆడ బండరాయమ్మా. గడ్డపార దిగలే. మీ మామ యాడ మెత్తగుంటే ఆడ తవ్వమన్న్యాడు. వంకగట్టు కింద తవ్వినాం, మురుగు పారేదాని పక్కన."

"పోయినోళ్ళకు యాడైతేనేం" అన్నాడు అయ్యన్న.

పోయినవాళ్ళ సంగతేమో గానీ, హులిగమ్మకు కావలసిందల్లా అదొక్కటే. తాత ఈ ఊరి నేతగాడు. "బతికినన్ని దినాలు ఆయప్ప నా పక్కన పండుకున్న్యాడా?" అని అవ్వ మిల్లులో అందరి ముందే అనేది. "తెల్లార్లూ మగ్గం. రాత్రయితే టకటకా, టకటకా. ఒట్టి సప్పుడుతో కాపురం చేస్తి. సచ్చినాకైనా పక్కన పండుకుంటా, అప్పుడు యాడికి పోతాడో చూస్తా." మంజుల చిన్నప్పటి నుంచి ఈ మాట విని నవ్వుతూనే ఉంది. ఈరోజు నవ్వు రాలేదు.

"అత్తా, గుంత సంగతి అవ్వ చెవిన పడకూడదు" అని బతిమాలింది. "యాడ తవ్వినారో అసలే తెలియకూడదు."

"మేమెందుకు సెప్తాం తల్లీ? ఆమె తొందరగా కానిస్తే అదే సాలు."

బండి వచ్చింది. హులిగమ్మ కూర్చునే దిగింది. షామియానా వైపు చూసి, "ఎవరింట్లో ఏమి పెండ్లి?" అంది. మంజుల ఒక్కతే వెళ్ళి ఆమె చెంపలు నొక్కి నొక్కి చూసింది. వెచ్చగా ఉన్నాయి. టీ వాసన. అంతకన్నా మంచి వాసన లోకంలో ఉండదనిపించింది ఆ పిల్లకు.

నులకమంచం పోయింది గనుక మంజుల తన పెండ్లి మంచం అవ్వకిచ్చింది. "కొత్త పరుపు మీద ముసల్దాన్నా" అని అంజనమ్మ గొణిగింది. కొత్త జంట మిద్దె మీదికి చేరింది. అక్కడ గాలికి దుప్పటి ఎగిరిపోతుంటే ఇద్దరూ చెరో కొస పట్టుకుని నవ్వుకోవడం, ఆ పిల్లకు అదొక పండగ. కింద మాత్రం ఇల్లంతా ఎదురుచూస్తోంది.

హులిగమ్మ మొదట గంజి తాగింది. తర్వాత మెత్తటి అన్నం. తర్వాత జొన్నరొట్టె అడిగింది. రొట్టె తుంచిన ప్రతిసారీ అంజనమ్మ ఆ చేతినే చూసేది. గోనెగండ్ల నుంచి చుట్టాలు ఫోన్ చేసి, "ఇంకా?" అని అడిగేవాళ్ళు. "ఇంకా" అనేవాడు అయ్యన్న, కోతకు రాని చేను గురించి చెప్పినట్టు. ఒకసారి ఫోన్ పెట్టేసి, తల్లి వినేటట్టే అన్నాడు: "ఒక దినం సెలవు పెడితే సరిపోయేదానికి ఎన్ని దినాలు పెట్టల్ల?"

మంజుల వెంటనే టీవీ సౌండు పెంచింది. అవ్వకు ఏమీ వినిపించలేదనే అనుకుంది. పగలంతా తలుపు దగ్గరే కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ కళ్ళతోనే సైగలు చేసేది. సాయంత్రం అవ్వ తల దువ్వుతూ మిల్లు కబుర్లు చెప్పించుకునేది.

వాన పడింది. మరుసటి రోజు మంజుల వాకిట్లో నీళ్ళు పట్టుకుంటుండగా ఉరుకుందు ఆమెను దాటుకుని నేరుగా కిటికీ దగ్గరికి పోయాడు.

"పెద్దమ్మా, బాగుండావా? నీ గుంత అంచులు జారిపోతాండాయి. మీవాడేమో పూడ్సొద్దంటాడు, మళ్ళా తవ్వొద్దంటాడు. నువ్వే ఏదో ఒకటి సెప్పు."

మంజుల బిందె వదిలేసి లోపలికి పరుగెత్తింది. అప్పటికే అవ్వ పరుపు మీద లేచి కూర్చుంది.

"నాకు తవ్వినారా?"

వంటింట్లో అంజనమ్మ గరిటె చప్పుడు ఆగింది.

"సెప్పు మే. అందుకేనా షామియానా?"

"నువ్వు పోయినావనుకున్యాం అవ్వా" అంది మంజుల. "బావ సరిగ్గా చూడలే."

హులిగమ్మ కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తుందనుకుంది మంజుల. అవ్వ ఏడవలేదు. బోసినోటితో మెల్లగా నవ్వింది.

"పోనీలే. నా కొడుకు నాకోసం చేపిచ్చిన మొదటి పని. యాడ తవ్వినారు? మీ తాత పక్కనే గదా?"

కిటికీ అవతల ఉరుకుందు నోరు తెరిచాడు. మంజుల అతని కంటే ముందు మాట్లాడింది.

"తాత పక్కనే అవ్వా. ఆనుకొనే తవ్వినారు. మధ్యలో జానెడు గూడా లేదు."

అవ్వ మొహం వెలిగిపోయింది. పెండ్లి చూపుల నాటి పిల్లలా కొంగు సర్దుకుంది. చేయి చాచి మనవరాలి గడ్డం పట్టుకుంది.

"అయితే నేను సూసుకోవల్ల. పొడవు సరిపోతాదో లేదో వీళ్ళకేం తెలుసు. రేపు పొద్దున్నే ఆటో పిలిపిచ్చు. ఉగ్గాని కట్టుకో, మిరపకాయ బజ్జీ గూడా. మీ తాత పక్కన కూసోని తిని వద్దాం. ఉరుకుందూ, నువ్వు గూడా రాప్పా. కంప తీసి చూపిద్దువు."