ఒకటే గ్లాసు

జామాయిల్ వాసన.

రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా నాగలత వేళ్లను వదల్లేదు. వారమంతా సారపాక కాగితం మిల్లుకు పోయే కర్రకు తొక్క తీసిన చేతులు మరి. ఆదివారమని వాటికేం తెలుసు...

ఈ ఆదివారం మందిరంలో ఆమెకు మొదటి ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం.

కిందటి నెలే వాగులో బాప్తిస్మం తీసుకుంది. అంతకుముందే మెడలో తాయెత్తు తెంపేసింది. గుమ్మానికి వేలాడే నిమ్మకాయలు తీసేసింది.

"ఇంకేమన్నా ఉన్నదా అమ్మా, వదలనిది?" అనడిగాడు మార్కు అయ్యగారు.

"ఏం లేదయ్యగారూ."

ఉంది.

పక్కింటి ద్వాలి ఉంది.

మూడేళ్ల కిందట ద్వాలి పిలిచి, నాగలత కూతురు మహిమకు బెల్లం ముక్క పెట్టింది. ఆ సాయంత్రమే పిల్లకు చలిజ్వరం. దవాఖానాలో రక్తం చూసి మలేరియా అన్నారు. మందులిచ్చారు, తగ్గింది. ఇప్పుడు పిల్ల గెంతుకుంటూ బడికి పోతోంది.

అయినా నాగలత నమ్మలేదు. "దోమలు ఊరందరినీ కుడుతయి. నా బిడ్డకే ఎందుకొచ్చింది?" అంది నర్సుతో. దోమ సంగతి సరే... బెల్లం సంగతి? ద్వాలి మంత్రం వేసిందనే ఆమె లెక్క.

అప్పటినుంచి ద్వాలి ఇంటి నీళ్లు ముట్టలేదు. ద్వాలి నవ్వితే — ఎందుకు నవ్వింది? నవ్వకపోతే — ఏం దాస్తోంది? కూలి దగ్గర ఇద్దరూ ఒకే కుప్ప ముందు కూర్చుని తొక్క తీస్తారు. ద్వాలి సద్ది గిన్నె మూత తీసిందంటే చాలు, నాగలత తన గిన్నె పట్టుకుని అవతలి చెట్టు కిందికి పోతుంది.

ఆ ద్వాలి కూడా ఈ ఏడాదే మందిరానికి రావడం మొదలుపెట్టింది.

ఎందుకు?

ఈ రోజు ఆలస్యంగా వచ్చి, అంత చాప ఖాళీగా ఉండగా, సరిగ్గా నాగలత పక్కనే కూర్చుంది.

ఎందుకు?

"ఎవరి మీదన్నా మనసుల ఏదన్నా పెట్టుకుని బల్ల ముట్టకుండ్రి," అంటున్నాడు అయ్యగారు. "ముందు అది వదిలిపెట్టుండ్రి."

నాగలత తల వంచుకుంది. ప్రభువా, తాయెత్తు ఇచ్చేశాను కదా... ఇది కూడానా? తాయెత్తు తెంపడం ఎంతసేపు. దీని ముడి ఎక్కడుందో చేతికి దొరకడం లేదు.

రొట్టె అయింది. గ్లాసు బయల్దేరింది. స్టీలు గ్లాసు. అందరికీ ఒకటే.

ఒక్కొక్కరూ గుక్కెడు తాగి పక్కవాళ్లకిస్తున్నారు. దగ్గరికొస్తోంది... ద్వాలి దాకా వచ్చింది. ద్వాలి ముసుగు సర్దుకుని, కళ్లు మూసుకుని తాగింది. నాగలత ఆ పెదాలనే చూసింది. అవి ఏదో గొణిగాయి. ప్రార్థనేనా?

లేచిపోతే అందరూ చూస్తారు. తాగితే...

అప్పుడు ద్వాలి కొంగు తీసి గ్లాసు అంచు తుడిచింది. చుట్టూ తుడిచింది, నిదానంగా.

"తుడిచిన, అక్కా," అంది గొంతు తగ్గించి. "తాగు."

తెలుసన్నమాట.

మూడేళ్లుగా తెలుసు. నీళ్ల సంగతి, సద్ది సంగతి, బెల్లం సంగతి — అన్నీ.

నాగలత సిగ్గుతో చితికిపోయింది. గ్లాసు అందుకుంటుంటే ద్వాలి వేళ్లకూ అదే జామాయిల్ వాసన. ఆ సిగ్గులోనూ లోపలి గొంతు ఊరుకోలేదు — కొంగులో ఏముందో.

వెనక ఎవరో దగ్గారు. అయ్యగారు ఇటే చూస్తున్నాడు.

నాగలత గ్లాసును మెల్లగా తిప్పింది. ద్వాలి తాగిన చోటు కోసం వెతికింది — తప్పించుకోవడానికో, అక్కడే పెదవి ఆనించడానికో, తనకే తెలియలేదు.

తుడిచేసింది కదా... కనబడలేదు.