బీరయ్య చాకు

గుండయ్య మూడు మడత చాకులను పాత పేపరు మీద వరుసగా పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"ఏ పనికి టీచరమ్మా?"

"గోనె సంచులు కోయడానికి. తాళ్ళకు కూడా," అంది సుజన.

"అంటే మోటు పనే. చూడుర్రి మరి."

అఫ్జల్‌గంజ్‌లో తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే దుకాణం అది. గుండయ్య తండ్రి పెట్టింది. బేరం కుదిరినా కుదరకపోయినా వస్తువు గుణం చెప్పకుండా గుండయ్య ఎవరినీ పంపడు.

"ఇది పాత తీరు. శీషం కట్టె పిడి, కొసలకు ఇత్తడి, నల్ల ఇనుము. రాయి మీద నాలుగుసార్లు గీస్తే చాలు, వెంట్రుక తెగుతది. తడి తగిలితే తుప్పు. అసలు ఐబు ఏందంటే దీనికి లాక్ లేదు. జోరుగ గుచ్చితే మల్ల వేళ్ళ మీదికే మడుచుకుంటది."

రెండోదాన్ని తెరిచాడు. టక్కుమని చప్పుడైంది.

"ఇది గదే కొలత, తుప్పు పట్టని స్టీలు. లోపల పట్టి ఉన్నది చూడుర్రి, అది నొక్కితేనే మూసుకుంటది. పదును కొంచెం తక్కువనే నిలుస్తది గనీ వేళ్ళు దక్కుతయి. ఇగ మూడోది. నల్ల పూత, ప్లాస్టిక్ పిడి, జేబుకు తగిలిచ్చుకునే క్లిప్పు. చూడనీకి మస్తుగుంటది. సగం దాకా రంపపు పండ్లు పెట్టిన్రు. గోనె కోస్తే ఆ పండ్లల్ల పీచు ఇరుకుతది. నన్నడిగితే రెండోది తీస్కోర్రి."

సుజన మొదటిదాన్నే చేతిలోకి తీసుకుంది. ఇనుప గుండులా బరువుగా ఉంది.

"ఇదే ఇవ్వండి."

"రెండోది మంచిదంటున్న గద."

"ఇదే కావాలి."

గుండయ్య ఆమె మొహంలోకి చూసి, మిగతా రెండూ పక్కకు జరిపాడు. మొదటిదాన్ని కాగితంలో చుట్టబోతూ ఆగాడు. "కుడి చేతి మనిషా, ఎడమ చేతి మనిషా? గోరు పెట్టి తెరిచే గాడి దీనికి ఒక్క దిక్కే ఉంటది."

ఈ చాకు చేరాల్సిన బీరయ్య పన్నెండేళ్ళుగా ఎరిగున్న మనిషి. ఆయన చాకును చూసింది గాని, ఏ చేత్తో పని చేస్తాడో ఆమె ఎన్నడూ చూడలేదు.

"కుడి చెయ్యే," అనేసింది.

ఇంటికొచ్చి నిమ్మకాయ కోసి ఆ నల్ల ఇనుముకు రుద్దింది. గంటలో మచ్చలు మచ్చలుగా కమిలిపోయింది. పిడికి గరుకు కాగితం పెట్టి రాసి, కొబ్బరినూనె పూసి, పొయ్యి పక్కనున్న మసి గుడ్డతో తుడిచింది. పరీక్షల్లో కాపీ చీటీలు పట్టుకునే చేతులు అవి. మోసం తొందరగానే నేర్చుకున్నాయి.

ఆమె తమ్ముడు డానియేలు జలమండలిలో పైపుల పని చేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు, కార్వాన్‌లో అక్కతోనే ఉండేవాడు. ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ పని చేసే బీరయ్య వాడికి చాయ్ దోస్తు. నలభై రోజుల కింద ఒక పొద్దున పని మీదే డానియేలు గుండె ఆగిపోయింది. తోటివాళ్ళు శవంతో పాటు వాడి పని సంచిని కూడా ఇంటికి తెచ్చారు. ఆ సంచిని చూడలేక, జిప్పు కూడా తీయకుండా, నాలుగో రోజునే పాత సామాన్ల బండికి ఇచ్చేసింది సుజన.

పదకొండో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక బీరయ్య అరటిపళ్ళ అత్తం పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "టీచరమ్మా, రబ్బరు షీటు కోస్తనని డానియేలు నా చాకు తీస్కపోయిండు. సంచిల ఉన్నదేమో జర చూస్తరా? పనికి మస్తు తక్లీఫ్ అయితుంది."

ఆమె లోపలి దుఃఖమంతా ఆ ఒక్క మనిషి మీదికి మళ్ళింది. "మనిషి పోయి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. ఇంట్ల ఏం దొరుకుతదా అని వచ్చిన్రా? ఈడ ఎవ్వరి చాకూ లేదు."

పాస్టరు గారు మూయబోతున్న బైబిలు చేతుల్లోనే ఆగిపోయింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. బీరయ్యతో వచ్చిన తోటి హమాలీ ఆగయ్య కూడా అక్కడే ఉన్నాడు. బీరయ్య అరటిపళ్ళు ఖాళీ కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు.

మొన్న ఆదివారమే ఆమె ధైర్యం తెచ్చుకుని, తమ్ముడు పోయే ముందురోజు సాయంత్రం ఫోనులో పంపిన మాటలు విన్నది. అవి వచ్చిన రోజు పేపర్లు దిద్దుతూ వినలేదు. తర్వాత ఆ గొంతు వినడానికి చేతకాలేదు.

చాకు కొన్న మరునాడు మధ్యాహ్నం ఉస్మాన్‌గంజ్‌లో కొమురమ్మ చాయ్ బండి దగ్గర హమాలీలు బస్తాల మీద కూర్చుని ఉన్నారు. సుజన రావడం ఆగయ్య ముందు చూశాడు.

"చాకు బీరన్నా, నీ కోసం టీచరమ్మ వస్తుంది. ఈసారి ఏం అడిగినవే?"

నలుగురూ నవ్వారు. ఆ పేరు ఎప్పుడు పడిందో, ఎవరి మూలంగా పడిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దుటినుంచి మనసులో వల్లించుకున్న మాటే అప్పజెప్పింది.

"మీ చాకు దొరికింది."

బీరయ్య లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, చాకు అందుకున్నాడు. ఎడమ చేత్తో. ఎడమ బొటనవేలి గోరు ఇనుము మీద గాడి కోసం వెతికింది. కింది నుంచి పైకి, మళ్ళీ పైనుంచి కిందికి పోయింది. నున్నగా ఉంది. చాకును తిప్పి చూశాడు. గాడి రెండో వైపు ఉంది. ఒక్కసారి తల ఎత్తి సుజనను చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఇగో ఆగన్నా, చూసినవా? నా చాకే. దొరికింది."

"ఏదీ ఇటియ్యి. నువ్వు ఎడమ చేతికని గాడి కొట్టిచ్చుకున్నవ్ గద."

"అరిగిపోయిందిలే," అని బీరయ్య చాకును అంగీ జేబులో వేసుకున్నాడు.

ఇక వెళ్ళిపోవచ్చు. సుజన వెనక్కి తిరిగింది కూడా. రెండడుగులు వేసింది. తాను వీధిన పడేసిన మనిషి, తన అబద్ధాన్ని జేబులో దాచిపెట్టి నిలబడ్డాడు. మూడో అడుగు పడలేదు.

"అది ఆయన చాకు కాదు," అంది, బడిలో వెనక బెంచీకి వినబడేటట్టు. "బీరయ్య గారి చాకు మా తమ్ముని సంచిలనే ఉండె. ఆ సంచిని నేనే తెరవకుంట పాత సామాన్ల బండికి ఇచ్చేసిన. ఆ రోజు చూడకుంటనే లేదన్న. ఇది నిన్న కొన్నది. పాతదాని లెక్క కనబడాలని నిమ్మకాయ రుద్దిన."

ఆగయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కొమురమ్మ స్టవ్ మంట తగ్గించింది.

బీరయ్య ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "గిప్పుడు అందరి ముందట ఎందుకమ్మా?"

"ఆ రోజు కూడా అందరి ముందటనే అన్న."

బీరయ్య చాకును బయటికి తీసి, కుడి చేత్తో తెరవబోయి, రాక, కొమురమ్మకు ఇచ్చాడు. ఆమె తెరిచి వాసన చూసి, "నిజమే, నిమ్మకాయనే," అంది. ఆగయ్యకు నవ్వు వచ్చింది గాని మింగేశాడు.

బీరయ్య ఎడమ చూపుడువేలు చాపాడు. అడ్డంగా తెల్లటి గాటు. "గీ రకం చాకే కోసింది. తెచ్చేది తెచ్చిన్రు, లాకున్నది తెచ్చినా బాగుండు."

"గుండయ్య గారు అదే తీసుకొమ్మన్నడు. నేనే వద్దన్న. అది మీ దాని లెక్క ఉండదని."

బీరయ్య తల ఊపాడు. తప్పు లేదని అనలేదు. అందుకే ఆమె తల ఎత్తి ఆయన్ని చూడగలిగింది.

"సంచిల ఉండెనని ఎట్ల తెలిసింది మీకు?"

"వాడే చెప్పిండు. నేను నలభై రోజులు వినలె."

ఫోను తీసి ఆయన ఎడమ చేతిలో పెట్టింది. బండ్ల చప్పుడు మధ్య డానియేలు గొంతు, ఏదో నములుతూ, తీరిగ్గా వచ్చింది. "అక్కా, రేపు జర యాది చెయ్యి. బీరన్న చాకు నా సంచిలనే ఉండిపోయింది. ఇయ్యకుంటే మల్ల లొల్లి చేస్తడు."

బీరయ్య ఫోనును చెవి దగ్గరే పట్టుకుని బస్తాల వైపు తిరిగాడు.

"చాకు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు, ఇటు తిరగకుండానే. "ఇంకోపారి పెట్టుర్రి."