పలకల కంపెనీలో తరుగు

మొహిద్దీన్ బాషాకు ఆ ఏడు గుండెల్లో రాయి పడింది. పడదా మరి! మార్కాపురంలో పలకల కంపెనీని నిలబెట్టింది అతనే. చుట్టుపక్కల ఊళ్ళ గొర్రెల కాపర్ల కాళ్ళావేళ్ళా పడి, వాళ్ళ చేత వాటాలు కొనిపించాడు. కొత్త రాష్ట్రం వచ్చింది, ఊరూరా బళ్ళు పెడుతున్నారు, పలకలు చేసినవి చేసినట్టే అమ్ముడుపోతున్నాయి. సరిగ్గా అప్పుడే దిగాడు గిద్దలూరు కృష్ణయ్య. బాగా డబ్బున్నవాడు. కంపెనీకి ఎదురుగా స్థలం చూసుకున్నాడు. కంపెనీలో రాయి కోసేవాళ్ళను పిలిచి టీ తాగించాడు. పైగా ఏటేటా లెక్క చదివేటప్పుడు వినడానికని బావమరిది పేరున ఒక వాటా కొనిపెట్టాడు. ఎంత గడుసుతనం!

లాభం కళ్ళబడిందంటే కృష్ణయ్య రేపే ఫ్యాక్టరీ కట్టేస్తాడు. ఆ డబ్బు ముందు మనం నిలుస్తామా? ఈ భయంతో బాషాకు అన్నం సయించలేదు. అందుకే ఆ ఏటి లెక్క పిరికిగా రాశాడు. గోడౌనులో లక్షణంగా ఉన్న పలకలు రైల్లో పగులుతాయేమోనని ముందే లెక్కలోంచి కొంత తీసేశాడు. అరువు తీసుకున్న వ్యాపారులు ఎగ్గొడతారేమోనని ఇంకొంత తీసేశాడు. ఒక్క అబద్ధం లేదు, ఉన్నదల్లా జాగ్రత్త. తీసేసినదానికంతా కలిపి ఒకటే పేరు పెట్టాడు, తరుగు అని.

మీటింగులో కృష్ణయ్య బావమరిది ముందు వరుసలోనే కూర్చున్నాడు. "ఈ ఏడు తరుగు ఎక్కువ. లాభం పేరుకే" అని బాషా చదివాడు.

హనుమంతునిపాడు నుంచి వచ్చిన ఓబులయ్య అనే కాపరి చటుక్కున లేచాడు. "తరుగు మొదలైందా బాషన్నా? వచ్చే ఏడు గూడా ఉంటాదా ఏంది?"

ఏమీ పోలేదు, కంపెనీ నిక్షేపంలా ఉంది అని అరవాలనిపించింది బాషాకు. ఎదురుగా బావమరిది చెవులు రిక్కించాడు.

"ఉండొచ్చు" అన్నాడు బాషా.

అయ్యో, ఎవరితో ఆ మాట అన్నాడు! గొర్రెలవాళ్ళకు తరుగంటే మందలో రోగం పడి ఒక్కొక్కటీ చావడం. అది మొదలైతే ఎవడాగుతాడు? మిగిలినవాటిని వచ్చిన ధరకు వదిలించుకుంటారు. వాళ్ళు గుసగుసలాడుకుంటూ బయటికి పోయారు. బావమరిది ముఖం వాడిపోవడం చూసి మురిసిపోయిన బాషాకు ఇదేమీ పట్టలేదు.

రెండు రోజులకు ఊళ్ళో పుకారు లేచింది, కాపర్లు వాటాలు అమ్ముకుంటున్నారని. బాషా దొరికిన బస్సెక్కి హనుమంతునిపాడు పోయాడు. మొట్టమొదట వాటా కొన్న అంకాలమ్మ గొర్రెల దొడ్డి దగ్గరే ఉంది.

"పెద్దమ్మా, నీ వాటా ఉందా?"

"ఇంకెక్కడిది నాయనా! గిద్దలూరు కృష్ణయ్య వచ్చి కొనుక్కోని పోయినాడు. ఓబులయ్యదీ, మా వాళ్ళందరివీ తీసుకున్నాడు. రాయి కోసేవాళ్ళు ఏం చెప్పినారో ఏమో, నవ్వుకుంటా కొన్నాడు."

బాషా వేళ్ళ మీద వాటాలు లెక్కపెట్టుకున్నాడు. సగానికి పైగా కృష్ణయ్య చేతికి పోయాయి, కంపెనీ అతనిదైపోయింది. ఇక ఫ్యాక్టరీ కట్టే పని కూడా లేదు కృష్ణయ్యకు. బాషా అక్కడే కూలబడ్డాడు.

అంకాలమ్మ గబగబా వచ్చి అతని భుజం పట్టుకుంది. "భయపడబాక నాయనా. పిల్లలు గలవాడివి, నీది మాత్రం మునగనిస్తానా? నీ వాటా గూడా కొనమని ఆయన్ను బతిమాలినా. కొంటానన్నాడులే."