డైనింగ్ రూములో మంచు

అమెరికాలో సాయంత్రం ఆరింటికి వసుమతి కుక్కర్ ఎక్కించి, విజిల్ వచ్చేలోపు జపాన్‌కి ఫోన్ చేసేది. అక్కడ అప్పుడు పొద్దున్న ఏడు. హొక్కైడోలో కొండంత స్కీ రిసార్ట్ ఒకటుంది. దాని బుకింగ్ డెస్క్‌లో ఒకాడా గారనే పెద్దావిడ ఫోన్ ఎత్తి, నెమ్మదైన ఇంగ్లీషులో, "వసుమతి-సాన్, ఈ రోజు ఏం మారింది?" అని అడిగేది. ఏదో ఒకటి మారని రోజంటూ లేదు.

ఆ ఏడు, అంటే రెండు వేల పదమూడు ఆగస్టులో మొదలైందీ తలనొప్పి. డిసెంబరులో ఇండియాకి టోక్యో మీదుగా వెళ్దామనీ, దారిలో నాలుగు రోజులు స్కీయింగ్ చేద్దామనీ భర్త పద్మనాభానికి ఆలోచన వచ్చింది. పక్క వీధిలోని శేషగిరి, అతని భార్య గిరిజ, మేమూ వస్తామన్నారు. ఆ ముగ్గురికీ మోరిస్‌విల్‌లోనే ఆఫీసులు. వసుమతిది హెచ్-ఫోర్, అంటే భార్య హోదాలో వచ్చే వీసా. హైదరాబాద్‌లో ఆరేళ్లు ఒక ట్రావెల్ ఆఫీసుని ఒంటిచేత్తో నడిపిన మనిషి, ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. కాబట్టి ప్లానింగంతా ఆమె నెత్తిన పడింది.

"నువ్వెలాగూ ఖాళీయేగా వసూ," అన్నాడు పద్మనాభం, ఎంతో ప్రేమగా.

ఆ పూటే డైనింగ్ రూములో మొదటిసారి మంచు కురిసింది. తొమ్మిదేళ్ల అనిక, "అమ్మా, స్నో పడుతోంది," అని చెప్పి, కంచం మీద ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుని పప్పన్నం తినేసింది.

ఇక రోజుకో ఫోను.

"వసూ, ఆ వేడినీళ్ల గుండంలో బట్టల్లేకుండా దిగాలంటగా!" అని గిరిజ. "నైటీతో దిగనిస్తారేమో కనుక్కో."

"వదినా, సూప్‌ల చేప పొడి ఏస్తరట. జర కన్ఫర్మ్ చేయరాదూ," అని శేషగిరి.

పద్మనాభానికి గది కొండవైపు ఉండాలి, లిఫ్ట్ పక్కన ఉండాలి, లిఫ్ట్ చప్పుడు మాత్రం వినపడకూడదు.

వసుమతి పళ్లు నూరుకుంటూనే అన్నీ అడిగేది. నైటీ కుదరదు, కానీ గంటసేపు గుండం వేరుగా బుక్ చేసుకోవచ్చు. చేప పొడి లేని సూప్ ముందురోజే చెబితే కాస్తారు. తీరా ఇవన్నీ చెబితే గిరిజ, "అబ్బే, ఆ గుండం ఊసే వద్దులే," అనేది. ఆ పూట ఇంకో జానెడు మంచు పడేది.

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ మనిషి వచ్చి కప్పు కేసి చూశాడు, హీటర్ తడిమాడు, బాగానే ఉందని చెప్పి ఒక పార ఇచ్చి వెళ్లాడు. అక్టోబరుకల్లా కుర్చీలు సగం మునిగాయి. కిటికీ ఉండాల్సినచోట దేవదారు చెట్ల మధ్యనుంచి మంచు వాలు ఒకటి కిందికి దిగిపోయింది. పద్మనాభం కోటు వేసుకుని భోంచేస్తూ, "కాస్త పక్కకి ఎత్తిపోయకూడదూ? సాంబారు చల్లారిపోతోంది," అన్నాడు.

నవంబరులో ఒక శనివారం సాయంత్రం అందరూ వచ్చారు. వసుమతి వేడివేడిగా ఉల్లిపాయ పకోడీలు వేసింది. మొదటి వాయి అయిపోగానే గిరిజ గొంతు సవరించుకుంది. ఆఫీసులో లీవు ఇవ్వలేదట. ఆమె లేనిదే శేషగిరి రాడు. పద్మనాభం ఇంకో పకోడీ తీసుకుని, "నాకూ డిసెంబరులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మేలో డైరెక్ట్‌గా ఇండియా వెళ్దాం. ఆవిడకి ఫోన్ చేసి కాన్సిల్ చేసెయ్ వసూ," అన్నాడు.

"పదిహేడుసార్లు మార్చాను," అంది వసుమతి. "పదిహేడుసార్లు ఆవిడకి సారీ చెప్పాను. ఈసారి మీరు చెప్పండి."

"నాకావిడ పరిచయం లేదుగా!"

ఏం చేస్తుంది? స్టవ్ ఆపి, నడుంలోతు మంచులో నిలబడి తనే ఫోన్ చేసింది. అంతా విని ఒకాడా గారు బుకింగ్ రద్దు చేసింది.

"వసుమతి-సాన్, ఈ సీజన్‌కి మా డెస్క్‌లో ఒక మనిషి కావాలి. అమెరికా నుంచి వచ్చే ఫోన్లు చూడాలి. రోజూ మూడు గంటలు. చేస్తారా?"

ఐదేళ్లయింది వసుమతిని పని చేస్తారా అని ఎవరైనా అడిగి. "నాకు పని చేసే వీసా లేదండీ," అంది చివరికి.

"అది అమెరికాలో. ఇక్కడి కాగితాలు మేం చూసుకుంటాం. మీ ఇంట్లో మంచు ఎంత లోతుంది?"

"నడుం దాకా."

"అయితే సరిపోతుంది. రండి."

వసుమతి చున్నీ నడుముకి బిగించి, జాకెట్ తొడుక్కుని, మంచు మీద జారడానికి అనిక వాడే ప్లాస్టిక్ స్లెడ్ తెచ్చి వాలు అంచున పెట్టుకుని కూర్చుంది.

"ఎక్కడికి వసూ?" పద్మనాభం లేచి నిలబడ్డాడు.

"పనికి. పిండి ఇంకా ఉంది, కావాలంటే వేసుకోండి."

చెట్లు రెండువైపులా రివ్వున వెనక్కి పోయాయి. భయానికి కళ్లు మూసుకుందామనుకుంది గానీ మూసుకోలేదు. కింద రిసార్ట్ వెనక తలుపు తెరుచుకుని ఒకాడా గారు నిలబడి ఉంది. పొట్టి మనిషి, చేతిలో టీ కప్పు. వాచీ చూసుకుని, "రెండు నిమిషాలు ముందే వచ్చారు," అని కప్పు అందించింది.

తొమ్మిదింటికి, వాలు పైకి ఎక్కించే స్కీ లిఫ్ట్ ఆమెను తెచ్చి వంటింటి పక్కన దింపింది. గిరిజ ఆగలేక తమ వీసా లాయరుని అడిగింది. అమెరికాలో కూర్చుని చేయకపోతే ఇక్కడి వీసా రూల్స్‌కి సంబంధం లేదన్నాడాయన. అప్పటినుంచీ రోజూ ఆరయ్యేసరికి వసుమతి స్లెడ్ ఎక్కేది, పద్మనాభం కుక్కర్ ఎక్కించేవాడు. అన్నం మూడుసార్లు మాడింది, నాలుగోసారి బాగానే వచ్చింది.

డిసెంబరు రెండోవారంలో అతని రిలీజ్ వాయిదా పడింది. ఆ సాయంత్రం అతను మంచు అంచున నిలబడి, వాలు కిందికి చాలాసేపు చూసి, ఫోన్ చేశాడు.

"రిజర్వేషన్స్. వసుమతిని మాట్లాడుతున్నాను," అంది అవతలి గొంతు. ఆ గొంతు అతనికి కొత్తగా ఉంది. సరదాగా ఏదో అనబోయి మానేశాడు.

"నాలుగు రోజులకి ఒక గది కావాలండీ. ఎటువైపున్నా పర్లేదు."

"ఎంతమంది?"

"ఇద్దరం. నేనూ, మా అమ్మాయీ," అన్నాడు పద్మనాభం. "మా ఆవిడ అక్కడే పని చేస్తుంది."