గంజి పెట్టిన గోదారి

నేను ఒక షిఫాన్ ఓణీని. రంగు నీలం, పుట్టింది సూరత్ మిల్లులో. తణుకు బట్టల కొట్లో షావుకారు తన ఉంగరంలోంచి నన్ను అటు నుంచి ఇటు లాగి, "గాలి తగిల్తే చాలండీ, ఎగురుద్ది" అన్నాడు. ఉంగరంలో దూరే గుడ్డంటే మనుషులకు మహా ముచ్చట. తాము మాత్రం నిరుటి జాకెట్టులోనే దూరరు.

నన్ను కొనుక్కున్నది పదో తరగతి హేమలత. నలుగురిలో పేరడిగితే కాలి బొటనవేలు చూసుకునే పిల్ల. బడి వార్షికోత్సవంలో ఆమెకు గోదావరి వేషం ఇస్తూ, "నీకు మాటల్లేవమ్మా. నువ్వు పరిగెత్తు, ఓణీ ఎగురుద్ది. జనం దాన్నే చూస్తారు" అన్నారు రాజ్యలక్ష్మి టీచరు. హేమలతకు కావలసిందీ అదే. నా చాటున దాక్కోవచ్చు.

ముందురోజు నన్ను ఉతికి దండెం మీద ఆరేసింది. అక్కడ వాళ్ళ నాయనమ్మ సూరాయమ్మ కంటపడ్డాను. ఆవిడ పుట్టి బుద్ధెరిగి గంజి పెట్టని చీర కట్టలేదు. నన్ను రెండు వేళ్ళతో ఎత్తి, "ఇదేం గుడ్డే తల్లీ, జొరమొచ్చినట్టు యేలాడతంది" అని జాలిపడింది. చిక్కటి గంజిలో ముంచి ఆరేసి, మడతపెట్టి మనవరాలి సంచిలో సర్దింది. పిల్లకు చెప్పలేదు. ప్రేమతో చేసే పని ఆ ఇంట్లో ఎవరూ చెప్పి చెయ్యరు.

మర్నాడు స్టేజీ తెర వెనక హేమలత మడత విప్పగానే అప్పడంలా ఫెళఫెళలాడాను. అప్పటికే పాట మొదలైంది. టీచరు హేమలతను ముందుకు తోశారు. తను పరిగెత్తింది. నేను ఎగరలేదు, రేకులా నిటారుగా నిలబడ్డాను.

"గోదారి గడ్డకట్టేసిందిరోయ్" అన్నాడొక పెద్దమనిషి. జనం గొల్లుమన్నారు. హేమలత కాలి బొటనవేలు చూసుకుంది. ముందు వరసలో సూరాయమ్మ మాత్రం, "గంజి నేనే పెట్టేను" అని పక్కవాళ్ళకు చెప్పుకుని మురిసిపోతోంది. ఆ మాట విని హేమలత తలెత్తింది.

"గోదారి కాదండీ. ఇది ఆనకట్ట" అంది, చివరి వరసకు వినపడేలా. "గోదారి దీనెనకాల ఆగుంది."

మళ్ళీ నవ్వారు. ఈసారి చప్పట్లతో.

గంజంతా వదిలిపోయి, ఇప్పుడు నేను వంటింటి కిటికీకి తెరను. మొన్న హేమలత కాలేజీకి కొత్త షిఫాన్ ఓణీ కొనుక్కుని, ఉతికి ఆరేసి, పుస్తకం పట్టుకుని పక్కనే కాపలా కూర్చుంది. లోపల పొయ్యి మీద గంజి కాగుతోంది. పిల్లను హెచ్చరిద్దామని కిటికీలో ఎగిరెగిరి పడ్డాను.

హేమలత నన్ను చూసింది. గంజిగిన్నెతో వస్తున్న నాయనమ్మనూ చూసింది. పుస్తకం తీసుకుని లేచి, దారి వదిలి పక్కకు జరిగింది.