సూటిగానే వెళ్తోంది

పొట్టి నిజానికి అంత పొట్టేం కాదు, స్నూకర్ బల్లే పొడుగు. పదిహేనేళ్లప్పుడు మొదటిసారి క్లబ్బులో ఆ పచ్చగుడ్డ బల్ల మీదికి వంగి, అవతలెక్కడో ఉన్న ఎర్ర బంతి అందక రెండు కాళ్లూ గాల్లోకి లేపితే, వాళ్లన్నయ్య "ఒక కాలు నేల మీద ఉండాలే పొట్టీ, రూలు!" అని అరిచాడు. ఆ పేరు ఆ రోజు అతుక్కుంది, మళ్లీ ఊడలేదు. ఇప్పుడావిడకి నలభై ఎనిమిదేళ్లు. కూతురు ఉద్యోగం చేసుకుంటోంది, మోకాళ్లు రేపు వాన పడుతుందో లేదో ఈరోజే చెబుతున్నాయి, అయినా పొట్టి పొట్టే.

ఆట నేర్పింది అన్నయ్యే. ఆమెకంటే ఐదేళ్లు పెద్ద. బంతిని కొట్టే కర్రకి గడ్డం ఆనించి, చూపు బంతి మీద నిలిపిన మనిషికి తన చేతిలో కర్ర పక్కకి జారుతోందో లేదో తెలియదని అతని సిద్ధాంతం. అందుకని ఇంకొకరు బల్లకి అవతలి చివర, సరిగ్గా ఎదురుగా వంగి నిలబడి చూసి చెప్పాలి. అన్నయ్య ఆడేటప్పుడు ఆమె నిలబడేది, ఆమె ఆడేటప్పుడు అన్నయ్య. ఖాళీ సీసాని బల్ల మీద పడుకోబెట్టి, మూతి అంచుకి తగలకుండా కర్రని లోపలికీ బయటికీ ఆడించడం. తెల్ల బంతిని నడిమధ్యగా అవతలి అంచుకి కొట్టి, అది తిరిగొచ్చి మళ్లీ కర్ర కొన దగ్గరే ఆగేలా చూడడం. పొద్దున్న కాలేజీకి ముందు గంట, సాయంత్రం గంట.

"పిడికిలి బిగించకే. అరువు తెచ్చిన గాజుగ్లాసు పట్టుకున్నట్టు పట్టుకో. కొట్టాక తల లేపకు. బంతి ఎక్కడికి పోయిందో చప్పుడు చెబుతుంది, నువ్వు తొంగిచూస్తే దానికేమన్నా ధైర్యమొస్తుందా?"

బాగా నేర్పాడు. ఆ మాట పొట్టి ఇప్పటికీ ఒప్పుకుంటుంది. మూడేళ్లు తిరిగేసరికి ఆమె అన్నయ్యని ఓ ఆదివారం ఓడించింది. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు, అన్నయ్య కూడా కొట్టాడు. ఆ వారంలోనే ఒక చిన్న పరీక్ష పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఉంగరంలా చుట్టి, చెయ్యి ముందుకు చాచి, రెండు కళ్లూ తెరిచి అందులోంచి ఎదురుగా నిలబడ్డ తన ముక్కు చూడమన్నాడు. అలా చూసేటప్పుడు మనిషికి తెలియకుండానే ఒక కన్ను పెత్తనం చేస్తుంది. ఎదురుగా ఉన్నవాడికి ఆ ఉంగరంలో ఆ కన్నే కనిపిస్తుంది. కర్ర ఆ కన్ను కిందికి రావాలి.

అన్నయ్య చూశాడు. "ఎడమ కన్నే నీదీ, నాలాగే. ఇన్నాళ్లూ కర్ర కుడి కింద పెట్టి ఆడుతున్నావు, పిచ్చి మొహమా," అన్నాడు.

అన్నలా ఉన్నందుకు ఆమె రెండు రోజులు మురిసిపోయి, కర్రని ఎడమకి మార్చుకుంది.

అప్పట్నుంచీ దగ్గరి బంతులు పడేవి. దూరం పెరిగేకొద్దీ బంతి వెంట్రుకవాసి కుడికి పోయి, బల్ల మూలనున్న పాకెట్ అంచుకి కొట్టుకుని, గుమ్మంలో నిలబడిపోయిన చుట్టంలా లోపలికీ రాక, వెనక్కీ పోక ఉండిపోయేది.

"కర్రెలా వెళ్తోందన్నయ్యా?"

"సూటిగానే వెళ్తోంది పొట్టీ. నీ చెయ్యే కుదురుగా లేదు."

చెయ్యి కుదురు కోసం ఆమె ఏం చెయ్యలేదు గనక! నీళ్లు నిండిన బిందెలు మోసింది, ఊపిరి బిగపట్టింది, గోడకి వీపు ఆనించి గంటలు నిలబడింది. పెద్ద పోటీలకి క్లబ్బు నుంచి ఎప్పుడూ ఒక్కరినే పంపేవారు. ఆ మరుసటేడు చివరికి మిగిలింది అన్నాచెల్లెళ్లు. ఆఖరి ఆటలో గులాబీ బంతి ఒక్కటి పాకెట్‌లో వేస్తే చాలు, పొట్టి వెళ్లేది. దూరం దెబ్బ, తిన్నగా ఉంది. బంతి వెంట్రుకవాసి కుడికి పోయింది.

అన్నయ్య వెళ్లాడు. రెండో రోజే ఓడి తిరిగొచ్చాడు. కాని పెద్ద పోటీలాడినవాడన్న పేరుతో క్లబ్బు అతన్ని కోచ్‌గా పెట్టుకుంది, మేడ మీద ఒక గదిచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గదీ ఆ బల్లలే అతని సంసారం. పొట్టి పెళ్లి చేసుకుని, డిగ్రీ కాగితం బీరువా అడుగున పెట్టి, మంగళవారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకి వదిలిన బల్ల మీద సరదాకి ఆడేది. సరదా అన్నది ఓడిపోయేవాళ్లు వాడే మాట.

పోయిన చలికాలంలో దగ్గరి చూపు ఆనక కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ వేళ్లు ఉంగరంలా చుట్టి గడియారం చూడమంది.

"మీకు కుడి కన్ను బలమండీ."

"ఎడమండీ."

"కుడేనండీ. ఎడమ కన్ను మూసి చూడండి, గడియారం అక్కడే ఉంటుంది. ఇప్పుడు కుడి మూయండి. ఏదీ గడియారం? పారిపోయిందా?"

పారిపోయింది. దుకాణంలో గోడ మాత్రం ఉంది.

ఆ మంగళవారం పొట్టి కర్రని రెండు వేళ్లంత కుడికి జరిపింది. పది దూరం బంతులు కొడితే ఎనిమిది పడ్డాయి. సంతోషించాల్సింది పోయి ఆమె కర్ర పక్కన పెట్టేసింది. గోడవార బెంచీ మీద కూలబడి, పక్కావిడ "ఏమైందండీ, ఇంత బాగా కొట్టి?" అంటే, "అందుకేనండీ," అంది.

మర్నాడు అన్నయ్య టీకి వచ్చినప్పుడు, పొయ్యి దగ్గర్నుంచే అడిగింది.

"నాది కుడి కన్నట అన్నయ్యా."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నువ్వు ఎడమన్నావు."

"అన్నాను."

"చూసి కూడా అన్నావా?"

"చూడకుండా ఎలా అంటానే?" అన్నయ్య బిస్కెట్ టీలో ముంచాడు. "అప్పటికే నన్ను ఓడించేశావు. పంపేది ఒక్కర్ని. నీకు చదువుంది, ఏదో ఒకటి అవుతావు. నాకా కర్ర తప్ప ఇంకేముంది? నువ్వే ఆలోచించు."

తప్పు చేశానని కాదు, లెక్క సరిగ్గానే చేశానని చెబుతున్నట్టుంది ఆ గొంతు. అతను కప్పు కింద పెట్టబోతే సాసర్ తప్పిపోయి, టీ టేబుల్ మీద ఒలికింది. గుడ్డ పెట్టి తుడిచింది పొట్టే. ఆ తర్వాత నాలుగు నెలలు అన్నతో మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా భర్తతో చెప్పించేది. ఆయన ఓ రోజు విసుక్కున్నాడు. "చెయ్యందని బంతికి వాడే ఆ పొడుగు కర్ర ఉంటుంది చూడు, అలా తయారయ్యాను మీ ఇద్దరి మధ్య. కనీసం మీలో ఒకరైనా సరిగ్గా గురిచూసి కొట్టండి."

ఇలా ఉండగా క్లబ్బుకి కొత్త సెక్రటరీ వచ్చాడు. నేర్పేవాడు ఆడి చూపించాలన్నాడు. ఆదివారం పొద్దున్న, సభ్యులందరి ముందూ, పది దూరం బంతుల్లో ఏడు పడాలి. పడకపోతే కోచ్ పనీ లేదు, మేడ మీద గదీ లేదు.

బుధవారం అన్నయ్య నేరుగా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"పొట్టీ, ఒక్కసారి వచ్చి అవతల నిలబడవే."

"నీ శిష్యులు లేరా?"

"వాళ్లతో చెప్తే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఏడాదిగా దూరం బంతులు పడట్లేదు. ఎందుకో తెలియట్లేదు. నీకున్న చూపు ఇంకెవరికీ లేదు."

ఇరవై తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చిన మెప్పు. పొట్టి ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. "మీ అన్నయ్య నెగ్గాలని ఈ భూమ్మీద నాకంటే ఎక్కువ కోరుకునేవాడు లేడు. ఓడితే మన వెనక గదిలోకే కదా వచ్చేది," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మధ్యాహ్నం క్లబ్బు ఖాళీగా ఉంది. బల్ల మీది దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. పొట్టి అవతలి చివర వంగి, గడ్డం బల్ల అంచు ఎత్తుకి దించి చూసింది. అన్నయ్య కొట్టాడు. బంతి వెంట్రుకవాసి కుడికి పోయి పాకెట్ అంచున నిలిచింది. రెండోదీ అంతే. మూడోదీ.

ఆ తప్పు ఆమెకి కొత్త కాదు. దానితో ఆవిడ భర్తతో కంటే ఎక్కువ కాలం కాపురం చేసింది. కర్ర ఎప్పట్లాగే అతని ఎడమ కన్ను కింద ఉంది. కాని ఆ ఎడమ కన్ను చూడడం లేదు. దీపం కింద దాని మధ్యలో పాలచుక్క వేసినట్టు సన్నటి పొర. చూస్తున్నది కుడి కన్ను.

"ఎలా వెళ్తోందే?"

సూటిగానే వెళ్తోందన్నయ్యా. అంతే, రెండు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. అంతకంటే న్యాయమైన దెబ్బ ఎవరూ కొట్టలేరు, కొట్టినట్టు ఎవరికీ తెలియదు కూడా. పొట్టి ఆ రెండు మాటల్నీ నోట్లో కాసేపు చప్పరించింది. ఎదురుగా కర్ర ఇంకోసారి ముందుకొచ్చి, ఆఖరి క్షణంలో పక్కకి జారింది.

"అడ్డంగా వెళ్తోంది," అంది. "నీకిప్పుడు కుడి కన్ను చూస్తోందన్నయ్యా. ఎడమ కంట్లో శుక్లం వచ్చినట్టుంది. కర్ర కుడికి జరుపు, రెండు వేళ్లు."

అన్నయ్య మెల్లగా నిటారుగా లేచాడు. ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు, బాగా తెలిసిన నవ్వు.

"భలేదానివే. నాలుగు నెలలు మాట్లాడకుండా కూర్చుని ఇదా ఆలోచించింది?"

"ఏది?"

"నేను నీకు కుడిని ఎడమని చెప్పాను, నువ్వు నాకు ఎడమని కుడని చెబుతున్నావు. కనీసం వేరే ఉపాయం ఆలోచించాల్సింది."

"నిజంగా చెబుతున్నానన్నయ్యా! ఉంగరం పెట్టి చూడు. నేను చెబుతా."

"నేనూ అలాగే చెప్పాగా!"

"అయితే నువ్వే ఒక కన్ను మూసుకుని చూసుకో. కళ్ల డాక్టర్ దగ్గరికి పద, ఇప్పుడే వెళ్దాం."

"నా కన్నేదో నాకు తెలియదా? ముప్పై ఏళ్ల కిందటే చూసుకున్నాను." కర్ర కొనకి చాక్ రుద్దుతూ, పాఠం చెబుతున్నట్టు అన్నాడు, "నువ్వు కుడికి జరపమన్నావంటే, కర్ర ఇప్పటికే కుడికి జరిగిపోయిందన్నమాట. ఎడమకి జరపాలి. తెలియక సాయం చేశావు, పో."

ఆమె ఎదుటే జరిపాడు. రెండు వేళ్లు, ఎడమకి. ఆ మూడు రోజులూ అలాగే సాధన చేశాడని, తలుపేసుకుని మరీ చేశాడని ఊడ్చే మనిషి చెప్పింది. బంతులు పడకపోతే కొత్త పద్ధతి అలవాటు కావడానికి టైం పడుతుందనుకుని ఉంటాడు. శిష్యులకి అతను చెప్పే మాటే అది.

ఆదివారం మొదటి బంతి పాకెట్ రెండంచులకీ కొట్టుకుని ఎలాగో పడింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. అన్నయ్య బల్ల మీదుగా పొట్టి వైపు, చూశావా అన్నట్టు చూశాడు. తర్వాతి తొమ్మిదిట్లో ఇంకొక్కటి పడింది. ఆఖరికి బంతి పాకెట్‌కి జానెడు దూరంలో అంచుకి తగులుతుంటే జనం గోడ మీది గడియారం వంక చూడడం మొదలుపెట్టారు. సెక్రటరీ అతని భుజం మీద చెయ్యి వేసి, నెలాఖరుదాకా గదిలో ఉండొచ్చన్నాడు. మర్యాదస్తుడే.

మెట్ల దగ్గర అన్నయ్య ఆగాడు. "చల్లబడిందా పొట్టీ కడుపు?"

"నేను చెప్పింది చెయ్యలేదు నువ్వు."

"చెయ్యలేదు. చేసుంటే ఆ రెండూ పడేవి కావు."

నెలాఖరుకి రెండు పెట్టెలు, మూడు కర్రలతో వెనక గదిలోకి వచ్చాడు. చూడవచ్చిన ప్రతివాళ్లకీ, తోడబుట్టింది ఎదురుగా నిలబడి దిష్టి పెడితే చెయ్యెలా ఆడుతుందండీ అని చెప్పుకున్నాడు. పొట్టి వాళ్లకి టీలు అందించింది. ఆమె గిన్నె తోమే పద్ధతి, తలుపు వేసే పద్ధతి, బావగారు పేపర్ మడిచే పద్ధతి అన్నీ అతనికి తప్పుగానే కనిపించేవి. కోచ్ గారు కదా. అలవాటు.

గుమ్మానికి రెండుసార్లు నుదురు కొట్టుకున్నాక పొట్టే అతన్ని కళ్ల డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది. డాక్టర్ లైటు వేసి చూసి, "ఎడమ కన్ను ఏడాది పైనుంచే సరిగ్గా పనిచెయ్యడం లేదు. మీరు కుడి కన్నుతోనే నెట్టుకొస్తున్నారు. తెలియలేదా?" అన్నాడు. ఆపరేషన్‌కి వచ్చే నెల రమ్మన్నాడు.

అన్నయ్య ఇంటికొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. వారం రోజులుగా పొట్టి అతని కప్పు కుడి పక్కనే పెడుతోంది, ఎడమన పెడితే చెయ్యి తగిలి ఒలుకుతోందని. ఆవిడ పొయ్యి మీద టీ పెడుతుంటే వెనకనుంచి అడిగాడు.

"అయితే ఆ రోజు నిజమే చెప్పావా?"

"ఊఁ."

"నేను నీకలా చేశాక కూడా?"

"ఊఁ."

"ఎందుకే?"

ఎగతాళి కాదు. నిజంగానే అర్థంకాక, పాఠంలో ఒక మెట్టు జారిపోయిన పిల్లాడిలా అడుగుతున్నాడు. పొట్టి టీ పొంగకుండా మంట తగ్గించింది. ఆ మనిషి మీద జాలితో చెప్పింది కాదు, ప్రేమ అంతకన్నా కాదు. అబద్ధమాడడం పాపమనీ అనుకోలేదు.

"అడ్డంగా వెళ్తున్న కర్రని సూటిగా వెళ్తోందనడం నాకు చేతకాలేదన్నయ్యా. నువ్వే నేర్పావుగా అలా నిలబడి చూడ్డం."

అన్నయ్య చాలాసేపు ఆలోచించాడు. తర్వాత తల పంకించాడు, శిష్యుడి తప్పేదో చివరికి పట్టేసినట్టు.

"అదేనే. అందుకే నువ్వు ఆటలో పైకి రాలేకపోయావు."

పొట్టి టీ వడకట్టింది. కప్పు తెచ్చి అతని ఎడమ పక్కన పెట్టింది.