శవం పలకకూడదు

"చచ్చిపోవడానికి ఎంతసేపు పడుతుందట?" అని అడిగాడు మొగుడు ఎఫ్రాయిన్, తోర్తీయా రొట్టె ముక్కను చిక్కుళ్ల గుజ్జులో ముంచుకుంటూ. "నా భోజనం వేళ తప్పకపోతే నాకేం అభ్యంతరం లేదు."

"సాయంత్రం దాకా పట్టొచ్చు," అంది హసింత, రోట్లో ఎండుమిరపకాయలు నూరుతూ. "వంట చేసిపెట్టే చస్తాలే."

వాళ్ల ముందుగదిని సినిమావాళ్లు అద్దెకు తీసుకున్నారు. దయ్యాల సినిమా. ఒక పిల్లకు పదిహేనేళ్లు నిండిన పండగ రోజే తల్లి చచ్చిపోతుంది, ఆ తల్లి శవపెట్టెలోంచి లేచొస్తుంది. తల్లి వేషం వెయ్యాల్సిన నటి రాజధాని నుంచి దిగీ దిగగానే ఇక్కడి పువెబ్లా మిరపకాయలు తింటానని పందెం కట్టింది. అప్పట్నుంచీ మరుగుదొడ్డి వదిలి రాలేదు. పొద్దున్న కాఫీలు తెచ్చిన హసింతను చూసి దర్శకురాలు రెనాత అడిగింది, "మీరు కాస్త పడుకుంటారా? కళ్లు మూసుకుని పడుకుంటే చాలు."

పడుకుంటే చాలా! పగటిపూట! హసింతకు చెవులను నమ్మాలనిపించలేదు. అత్తగారు దోన్యా చోలే మాత్రం గబగబా శిలువ గుర్తు వేసుకుంది. "నిక్షేపంలా ఉన్న మనిషివి, పెట్టెలో పడుకోవడమేమిటే? అయినా పట్టపగలు నడుం వాల్చడానికి నీకేమైనా జబ్బా?"

మేకప్ అమ్మాయి హసింత మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కళ్ల కింద నలుపు నేను పుయ్యక్కర్లేదు, మీరే తెచ్చుకున్నారు," అని నవ్వింది. గులాబీరంగు బుట్టగౌనులో ఊపిరాడక కూర్చున్న అబ్రిల్, అదే సినిమాలో కూతురు, అది విని, "మా అమ్మకీ అలాగే ఉంటాయి," అంది. "అమ్మ ఉద్యోగానికెళ్తే ఇంట్లో అందరూ నన్నే పిలుస్తారు. అబ్రిల్, నా మేజోళ్లేవీ? అబ్రిల్, నీళ్లేవీ?"

పెట్టె లోపల ఎంత మెత్తగా ఉందనుకున్నారు! తెల్ల పట్టుగుడ్డ, తలకింద చిన్న దిండు, చుట్టూ బంతిపూల వాసన. పెళ్లయ్యాక ఇంత మంచి పక్క ఎరగదు హసింత. చేతులు గుండెలమీద పెట్టుకుని హాయిగా చచ్చిపోయింది. కెమెరా తిరిగింది. అబ్రిల్ వచ్చి పెట్టెమీదికి వంగి వెక్కుతోంది. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి ఎఫ్రాయిన్ కేక.

"హసింతా! ఉప్పెక్కడ?"

"పై అరలో, నీలం డబ్బా," అంది శవం.

అబ్రిల్ కెవ్వుమంది. రెనాత తల పట్టుకుంది. మళ్లీ తీశారు. ఈసారి దోన్యా చోలే. "హసింతా, నా మోకాళ్ల తైలం ఏదే?" "మీ దిండు కింద అత్తయ్యా!" గదంతా గొల్లుమంది కానీ రెనాత నవ్వలేదు. "వెలుతురు పోతోంది హసింతగారూ. ఇంకొక్కసారి పలికారంటే మీ బదులు బొమ్మను పడుకోబెట్టాల్సిందే. శవం పలకకూడదండీ."

హసింత సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆ రెండుసార్లూ తను పలకాలనుకోనేలేదు. నోరు దానంతటదే పలికింది. ఎన్నేళ్లుగా పలుకుతోందో ఈ నోరు! పురిటి మంచం మీద ఉండి కూడా ఇస్త్రీ బట్టలు ఎక్కడున్నాయో చెప్పింది. నూటమూడు జ్వరంలో పంచదార ఎక్కడుందో చెప్పింది. 'నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఏదీ దొరకదు హసింతా' అని ఎఫ్రాయిన్ నలుగురిలో అంటే మురిసిపోయేది కూడా, పిచ్చిది. మెచ్చుకోలనుకుంది! రేపు నిజంగా చచ్చిపోయి ఈ గదిలోనే పడుకోబెట్టినా, వచ్చినవాళ్లకి కాఫీ గిన్నె ఎక్కడుందో తన నోరే చెబుతుంది కాబోలు. బొమ్మకిచ్చేది లేదు ఈ చోటు. కావాలి తనకి. పళ్లు బిగించింది.

కెమెరా తిరిగింది. అబ్రిల్ వంగింది.

"హసింతా! నా టోపీ ఏదీ?"

ఫ్రిజ్ పైన, మేకుకి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"హసింతా! నిన్నే! చెవుడా?" వెనకే అత్తగారి గొంతు, "పిలుస్తుంటే పలకదేం ఈ పిల్ల?"

ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం హసింతకే కొత్తగా ఉంది, బాగుంది కూడా. అంతలో తల పక్కన చిన్న కదలిక. బుట్టగౌను పిల్ల పొద్దున్న ఆ వంటింట్లోనే తింది, టోపీని చూసింది. కన్నీళ్లు తుడుచుకుని, అలవాటుగా తలుపువైపు తిరిగి, చెప్పడానికి నోరు తెరిచింది. "ఫ్రిజ్ పై..."

పెట్టెలోంచి చెయ్యి లేచింది. అబ్రిల్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చెప్పకు," అంది శవం, కళ్లు తెరవకుండానే. "వాళ్లే వెతుక్కుంటారు."

ఆ పిల్ల పెట్టిన కేకకి కొవ్వొత్తులు పట్టుకున్నవాడు వాటిని అక్కడే వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు. రెనాత షూటింగు ఆపమనలేదు. కెమెరా వెనక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గంతులేస్తోంది. "ఇదీ! ఇదీ నా సినిమా!" కేక ఆగాక అబ్రిల్ ఆ చేతిని విడిపించుకోలేదు. నవ్వుతోంది.

వంటింట్లో డబ్బాలు దొర్లాయి, కుర్చీ జరిగింది. "ఆఁ, దొరికింది!" అన్నాడు ఎఫ్రాయిన్, తనలో తనే ఆశ్చర్యపోతూ.

"అయిపోయింది హసింతగారూ, ఇక లేవండి," అంది రెనాత, కళ్లు తుడుచుకుంటూ.

హసింత చేతులు మళ్లీ గుండెలమీద పెట్టుకుని, దిండు సర్దుకుంది.

"మీరు కానివ్వండమ్మా. నేనింకాసేపు చచ్చిపోయే ఉంటాను."